ఇరవై ఏడో కుర్చీ

"ఇరవై ఏడు! ఇరవై ఏడు!" అని అరుస్తూ, మా ఆయన స్నేహితుడు గెంగ్ మా గుమ్మానికి వేలాడే దూది పరదా తోసుకుని లోపలికి వచ్చి పడ్డాడు. టోపీ మీద మంచు. ఒక చేతికే తొడుగు ఉంది. రెండోది దారిలో ఎక్కడో జారిపోయినట్టుంది.

నేను క్యాబేజీ తరుగుతున్నాను. మా ఆయన షౌచెన్ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని బొగ్గుండలు పేరుస్తున్నాడు. శనివారం కాబట్టి నేను పాఠాలు చెప్పే బడి ఒంటిపూటే. మధ్యాహ్నం ఇద్దరం కలిసి వంట చేసుకోవడం నాకు ఇంకా పండగలాగే ఉంటుంది. పెళ్ళయి రెండు నెలలు కాలేదు మరి. గది ఒకటే, రేకు కప్పులు రెండు, ఎర్ర దుప్పటి ఒకటి. అన్నీ మావే అనుకుంటే రోజుకు పదిసార్లు నవ్వొస్తుంది.

"ఏంటి గెంగ్, లాటరీ తగిలిందా?" అన్నాను.

"నాక్కాదు వదినా, మీ ఆయనకి! రేపటి వార్షికోత్సవంలో ఫాన్ మాస్టారి తరగతి నుంచి చదవబోయే వ్యాసం ఇరవై ఏడో కుర్చీదట. నోటీసు బోర్డు మీద ఇంతింత అక్షరాలతో పెట్టారు. చూసి పరిగెత్తుకొచ్చాను. ఏదీ, నాకేం పెడతావ్?"

షౌచెన్ చేతిలోంచి బొగ్గుండ జారి పడింది. మసి చేతులతోనే నా చేతులు పట్టుకున్నాడు. నేను కత్తి పట్టుకునే గిరగిరా తిరిగాను. "కత్తి! కత్తి!" అని గెంగ్ గోడకి కరుచుకుపోయాడు. చప్పుడు విని మా ఇంటి యజమానురాలు కువాన్ పెద్దమ్మ పొగాకు గొట్టం నోట్లో పెట్టుకునే వచ్చింది.

"కొత్త పెళ్ళికూతురు అప్పుడే మొగుణ్ణి పొడిచేసిందా?"

"పెద్దమ్మా, నీ కథలు గెలిచాయి!" అని ఆమెను కూడా పట్టుకుని తిప్పేశాను.

సంతోషానికి ఒక లెక్క ఉంది. ఆ వ్యాసం మా విశ్వవిద్యాలయం ముప్పై అయిదేళ్ళ చరిత్ర మీద. గ్రంథాలయంలో ఉన్నదంతా అందరూ రాస్తారు. షౌచెన్ మాత్రం కువాన్ పెద్దమ్మ దగ్గర కూర్చున్నాడు. ఆమె భర్త ఆ రోజుల్లో అక్కడ వంటవాడు. చక్రవర్తి కాలంలో ఒక రాకుమారి భవంతిని ఖాళీ చేయించి బడి పెట్టారు కదా, మొదటి విద్యార్థులంతా ఉద్యోగాల్లో ఉన్న పెద్దమనుషులే. ఒక్కొక్కరికి ఒక్కో నౌకరు. గంట కొట్టగానే ఆ నౌకరు గది బయట నిలబడి, "దొరగారూ, తమరు పాఠానికి దయచేయాలి" అనేవాడట. కవాతు నేర్పే మనిషి కూడా, "దొరగారూ, తమరు ఎడమవైపు తిరగాలి" అనేవాడట. ఇది చెప్పేటప్పుడు పెద్దమ్మ లేచి నిలబడి పొట్ట ముందుకు పెట్టి తిరిగి చూపించేది. షౌచెన్ నవ్వుతూనే రాసుకునేవాడు.

కానీ ఒక సంగతి ఉంది. షౌచెన్ ఆ విశ్వవిద్యాలయంలో విద్యార్థి కాడు.

మా పేటలో ఇదేమీ వింత కాదు. షాటన్ వీధుల్లో అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్ళలో సగంమంది అంతే. పేరు నమోదు ఉండదు, పొద్దున్నే తరగతికి పోతారు, పాఠం వింటారు, తలుపు దగ్గర పెట్టిన అచ్చు నోట్సు తీసుకుంటారు, వస్తారు. ఎవరూ అడ్డు చెప్పరు. దొంగ శ్రోతలు అని ముద్దుపేరు. నమోదులో పేరున్నవాళ్ళు రాకపోవచ్చు గానీ దొంగ శ్రోతలు మాత్రం వానైనా మంచైనా వస్తారు. షౌచెన్ ప్రవేశపరీక్ష రెండుసార్లు రాశాడు. చరిత్రలో దిద్దినవాళ్ళే అవాక్కయ్యేలా రాశాడు, లెక్కల్లో తనే అవాక్కయ్యాడు.

తరగతిలో కుర్చీలకు నంబర్లుంటాయి. బంట్రోతు కిటికీలోంచి తొంగిచూసి ఖాళీగా ఉన్న నంబర్లు రాసుకుని పోతాడు. అదే హాజరు. కుర్చీలో మనిషి ఉంటే చాలు, ఆ మనిషెవరో ఆయనకి అక్కర్లేదు. ఇరవై ఏడో కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది, పొయ్యికి దగ్గర కూడాను. షౌచెన్ రెండేళ్ళుగా అందులో కూర్చుంటున్నాడు. వ్యాసాలు పేర్లు లేకుండా కుర్చీ నంబరుతో ఇమ్మన్నారు మాస్టారు, మొహమాటం లేకుండా దిద్దడానికి. అందరూ నంబర్లు వేస్తుంటే ఇతనూ వేశాడు. తన కుర్చీయే అనుకునేంత అలవాటైపోయింది.

"పద, బోర్డు చూసొద్దాం," అన్నాను. తరిగిన క్యాబేజీ మీద పళ్ళెం బోర్లించి, ఒకే కండువా ఇద్దరం కప్పుకుని గెంగ్ వెంట బయటపడ్డాం.

విశ్వవిద్యాలయం ఎర్ర భవనం ముందు జనం. రేపటి కోసం తోరణాలు కడుతున్నారు. బోర్డు దగ్గర మునివేళ్ళ మీద లేచి చూశాను. ఇరవై ఏడో కుర్చీ అని నిజంగానే ఇంతింత అక్షరాలున్నాయి. దాని కింద కాస్త చిన్న అక్షరాల్లో ఒక పేరుంది: జియాంగ్ బింగ్‌నాన్.

"గెంగ్," అన్నాను, "కింద లైను చదివావా?"

"పై లైను చదివి పరిగెత్తాను వదినా," అన్నాడు గెంగ్ నీరసంగా.

షౌచెన్ ఆ పేరు వైపు చాలాసేపు చూశాడు. పాపం, పెదాలు కదుపుతూ చదివాడు. తర్వాత నవ్వాడు. "అయితే ఇన్నాళ్ళూ నేను ఈయన ఇంట్లో అద్దె లేకుండా ఉన్నానన్నమాట," అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు నిజం చెబితే ఏమవుతుంది? వినడానికి వచ్చేవాణ్ణి చూసీచూడనట్టు వదిలేస్తారు. ఇంకొకడి కుర్చీ నంబరు మీద వ్యాసం ఇచ్చినవాణ్ణి వదిలేస్తారా? చెప్పకపోతే తన మాటలు ఇంకొకరి పేరుతో పోతాయి. చెబితే తరగతే పోవచ్చు. షౌచెన్‌కి ఆ తరగతంటే ప్రాణం. ఫాన్ మాస్టారు జలుబుతో రాని రోజున ఇతను ఇంట్లో జలుబు చేసినవాడిలా తిరుగుతాడు.

గెంగ్‌ని బోర్డు దగ్గరే వదిలి ఇంటికి వచ్చేసరికి మా గదిలో కుర్చీ మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తోలు కాలరు కోటు, మెరిసే బూట్లు. కువాన్ పెద్దమ్మ అతనికి టీ పోసి గొలుసుతో సహా జేబుగడియారం ధర అడుగుతోంది.

మమ్మల్ని చూడగానే లేచి వంగి దణ్ణం పెట్టాడు. "అన్నా! వదినా! నేనే జియాంగ్ బింగ్‌నాన్‌ని. మీరు నన్ను చంపేశారు."

"మేమా?" అన్నాను.

"రేపటి ఉత్సవంలో ఔత్సాహికుల పాటల నాటకం ఉంది కదా, అందులో ముసలి సేనాపతి వేషం నాది. రిహార్సల్‌కని పొద్దున వచ్చాను. బోర్డు మీద నా పేరు! నా జన్మలో బోర్డు మీద నా పేరు చూడలేదు వదినా. ఒళ్ళు తెలీలేదు. తిన్నగా పోయి తియెన్‌జిన్‌లో మా నాన్నకి టెలిగ్రాం కొట్టేశాను. కొట్టి బయటికొచ్చాక అప్పుడు గుర్తొచ్చింది, నేను వ్యాసం రాయలేదు కదా అని."

పెద్దమ్మ పొగాకు గొట్టం పక్కకి తీసి పగలబడి నవ్వింది.

"నవ్వకు పెద్దమ్మా. ఆయన రేపు పొద్దున బండికి వస్తున్నాడు. పత్తి వ్యాపారం మూడు తరాల నుంచి ఉంది గానీ మా ఇంట్లో చదివినవాడు లేడు. రైల్లో తెచ్చేది పటాకులో పట్టుబట్టలో కూడా తెలీదు. బంట్రోతుని అడిగితే, నీ కుర్చీలో కూర్చునేవాడు కువాన్ పెద్దమ్మ ఇంట్లో ఉంటాడని చెప్పాడు."

"ఆయనకి తెలుసా?" అన్నాడు షౌచెన్ ఆశ్చర్యంగా.

"అందరికీ తెలుసట అన్నా, నాకు తప్ప."

తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతికి వచ్చాడు. వ్యాసం అతను చదువుతాడు. ఎవరికీ ఏమీ తెలీదు. షౌచెన్ కుర్చీ షౌచెన్‌కే ఉంటుంది. తండ్రి ముందు తన పరువు నిలబడుతుంది. "ఏదీ, ఒక్కసారి ఇవ్వు, చదివి చూపిస్తా," అన్నాడు. షౌచెన్ తన చిత్తుప్రతి తీసిచ్చాడు.

అబ్బ, ఏం చదివాడండీ! గొంతు సవరించుకుని, కోటు అంచు సేనాపతి అంగీలా ఒక చేత్తో పట్టుకుని మొదలుపెట్టాడు. దొరగారూ తమరు ఎడమవైపు తిరగాలి అన్నచోట పెద్దమ్మ ఒళ్ళంతా ఊగిపోయింది. అల్లర్ల కాలంలో బడి మూతబడి, ఆవరణలో గడ్డి మొలిచి, రెండేళ్ళకి మళ్ళీ తలుపు తెరిచిన చోట అతని గొంతు అలా అలా పైకి లేచింది. ఆ తర్వాత వచ్చే భాగం నాకు కంఠతా వచ్చు. పదమూడేళ్ళ కిందట ఒక శీతాకాలం తొమ్మిదిమంది ఆడపిల్లలు ఈ గుమ్మం తొక్కారు. వాళ్ళకి నమోదు లేదు. వినడానికి మాత్రమే రానిచ్చారు. వేసవి వచ్చేసరికి పేర్లు చేరాయి. మగపిల్లలూ ఆడపిల్లలూ ఒకే గదిలో చదువుకోవడం ఈ దేశంలో కొత్త, అది మా దగ్గర శ్రోతల తలుపులోంచి వచ్చింది. ఈ భాగం రాయాల్సిందేనని పట్టుబట్టింది నేనే. మహిళా నార్మల్ కళాశాలలో ఉపాధ్యాయ శిక్షణ పొందే రోజుల్లో ఆ తొమ్మిదిమంది గురించి మేం దేవతల గురించి చెప్పుకున్నట్టు చెప్పుకునేవాళ్ళం.

బింగ్‌నాన్ ఆపి కాగితాలు తిరిగిచ్చాడు.

"నాకంటే బాగా చదివాడు," అన్నాడు షౌచెన్ మెల్లగా. "అతన్నే చదవనీ రుయ్‌యింగ్. మాటలు వినబడితే చాలు కదా. నాకు పాఠం మిగిలితే చాలు."

పెళ్ళయ్యాక నాకు మొదటిసారి కోపం వచ్చింది. ఇంత సంతోషమైన రోజున వచ్చినందుకు ఆ కోపం మీద కూడా కోపం వచ్చింది.

"చాలా? నీకు చాలు. నాకు చాలదు. ఆ తొమ్మిదిమందీ, మాకు పాఠం చాలు, పేర్లు ఎవరివైనా పెట్టుకోండి అని ఊరుకుని ఉంటే నేను ఇవాళ ఏం చదివేదాన్ని? నువ్వే రాశావు, నువ్వే మింగేస్తావా?"

"తరగతి పోతే?"

"పోతే ఇద్దరం ఏడుద్దాం. ముందు కోటు వేసుకో."

"అదిగో, ఇందాక పొడవలేదు, ఇప్పుడు పొడుస్తోంది," అంది పెద్దమ్మ. బింగ్‌నాన్ చప్పుడు చేయకుండా టోపీ అందుకుని తలుపు వైపు జరుగుతున్నాడు.

"నువ్వెక్కడికి?" అన్నాను. "నువ్వు కూడా. ఫాన్ మాస్టారింటికి."

"వదినా, నేను ఆయన్ని ఎప్పుడూ చూడలేదు!"

"పరిచయం చేస్తాంలే."

మాస్టారి ఇల్లు జింగ్‌షాన్ గుట్ట వెనక సందులో. మేం వెళ్ళేసరికి ఆయన వాకిట్లో చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని, చలికాలానికి పేర్చుకున్న క్యాబేజీల గుట్టలోంచి ఒక్కొక్కటే తీసి ఎండిన పైరెబ్బలు వలుస్తున్నారు. దూది చెప్పులు, చెవుల టోపీ. పాఠం చెప్పేటప్పుడు పులిలా ఉంటారంటాడు షౌచెన్. నాకు మా చిన్న తాతయ్యలా కనబడ్డారు.

"ఇరవై ఏడు వచ్చిందే! రా, రా," అన్నారు షౌచెన్‌ని చూసి. "ఊరికే నిలబడకు, చెయ్యి వెయ్యి. ఈ అమ్మాయెవరు, మీ ఆవిడా? ఈ తోలు కాలరాయనెవరు?"

నేనే అన్నాను, "ఈయన జియాంగ్ బింగ్‌నాన్, మాస్టారూ."

"అదేంటి? జియాంగ్ బింగ్‌నాన్ ఇతను కదా?"

"కాదు మాస్టారూ, నేనే," అన్నాడు బింగ్‌నాన్, పాపం, బూట్ల వైపు చూస్తూ. "తరగతికి రావాలని నిరుడొకసారి బయల్దేరాను. దారిలో నాటకశాల తగిలింది."

షౌచెన్ అప్పుడు అంతా చెప్పేశాడు. ఎక్కడా తగ్గించలేదు, పెంచలేదు. మాస్టారు వింటూ రెబ్బలు వలుస్తూనే ఉన్నారు. మేం ముగ్గురం కూడా తలా ఒక క్యాబేజీ తీసుకుని వలుస్తున్నాం. ఏం చెయ్యాలో తెలియనప్పుడు క్యాబేజీ ఎంత ఆసరానో ఆ రోజే తెలిసింది.

"అయితే రెండేళ్ళుగా ప్రశ్నలతో నా ప్రాణం తీస్తున్నవాడికి ఈ బడిలో పేరే లేదన్నమాట," అన్నారు చివరికి. "తెలిస్తే పంపేస్తారని భయం వెయ్యలేదా?"

"వేసింది మాస్టారూ."

"మరెందుకొచ్చావ్?"

"మా ఆవిడ లాక్కొచ్చింది."

"అంతేనా?"

షౌచెన్ చేతిలో రెబ్బ అటూ ఇటూ తిప్పాడు. "అంతే కాదు. ఇతను మా గదిలో నా వ్యాసం చదివి వినిపించాడు. చాలా బాగా చదివాడు. వింటున్నకొద్దీ నా ఇంట్లో దొంగలు పడ్డట్టు అనిపించింది. తలుపు తీసిచ్చిన దొంగని కూడా నేనే అనిపించింది."

మాస్టారు లేచారు. మోకాళ్ళ మీది మట్టి దులుపుకున్నారు. "వేదిక ఎక్కించడం నా ఒక్కడి చేతిలో లేదు. కార్యక్రమ పత్రం అచ్చుకి పోకముందే ఉత్సవ సంఘం వాళ్ళతో మాట్లాడాలి. ఈ గుట్ట పూర్తిచేసి కూర్చోండి," అని కోటు తగిలించుకుని వెళ్ళిపోయారు.

అబ్బ, ఆ ఎదురుచూపు! గుట్ట అయిపోయింది. బింగ్‌నాన్ వలిచిన క్యాబేజీలు పిడికిలంతే మిగిలాయి. రెబ్బ తర్వాత రెబ్బ, మంచివి కూడా వలిచేశాడు. మాస్టారి భార్య వచ్చి చూసి, "ఎవరు బాబూ నువ్వు, ఏ ఊళ్ళో ఇలా వలుస్తారు?" అని అడిగింది. షౌచెన్ వాకిట్లో ఆ కొస నుంచి ఈ కొసకి నడుస్తున్నాడు. నేను అతని పక్కనే నడిచాను. "ఏమన్నా అవనీ," అన్నాడు, "చెప్పేశాక ఒళ్ళు తేలిగ్గా ఉంది." నా చెయ్యి తీసి తన జేబులో పెట్టుకున్నాడు. మాస్టారి భార్య చూస్తోందని తెలిసినా నేను తీసుకోలేదు.

జింగ్‌షాన్ మీది మండపం వెనక పొద్దు ఎర్రబడుతుండగా మాస్టారు వచ్చారు. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. ముందు టీ అడిగారు. సగం తాగారు. నాకైతే ఆ కప్పు లాక్కోవాలనిపించింది.

"ఒకాయన చాలాసేపు వాదించాడు, నమోదులో లేని పేరు కార్యక్రమంలో ఎలా వేస్తామని. సరే, ఆ తొమ్మిదిమంది అమ్మాయిలు వచ్చిన శీతాకాలంలో వాళ్ళ పేర్లు ఏ నమోదులో ఉన్నాయో చూపించు, ఇతనిది కూడా అందులోనే రాద్దాం అన్నాను. ఆయన దగ్గాడు." మాస్టారు మిగతా సగం తాగారు. "శ్రోత వెయ్ షౌచెన్ అని వేస్తారు. శ్రోత అన్న మాట తీసేస్తారా అని అడిగారు. ఉండాల్సిందే అన్నాను. నీకు అభ్యంతరమా?"

షౌచెన్ తల అడ్డంగా ఊపాడు, ఆపకుండా ఊపాడు. నేను ఏడ్చాను. సంతోషమొస్తే నేను ముందు గంతులేస్తాను, మరీ ఎక్కువైతే ఏడుస్తాను.

"ఏడుపు చాలు, ఇంకా ఉంది," అన్నారు మాస్టారు. "కుర్చీ ఎవరిది వాళ్ళకి. సోమవారం నుంచి నువ్వు కిటికీ అరుగు మీద కూర్చుంటావు, మిగతా శ్రోతలతో. గాలి తగులుతుంది, కండువా తెచ్చుకో. జూలైలో మళ్ళీ పరీక్ష రాస్తావు."

"లెక్కలు, మాస్టారూ..." అన్నాడు షౌచెన్ దీనంగా.

"లెక్కలేనా?" అని బింగ్‌నాన్ తలెత్తాడు. ఆ మధ్యాహ్నమంతా అతని ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. "అన్నా, నేను పత్తి బేళ్ళ మధ్య పెరిగాను. లెక్కలు నాకు నిద్రలో వస్తాయి. మెలకువగా ఉన్నప్పుడే మరేదీ రాదు."

"అయితే పగలు నీ కుర్చీలో కూర్చో, సాయంత్రం ఇతని పక్కన కూర్చో," అన్నారు మాస్టారు. "మీ నాన్నగారి సంగతి మాత్రం నేను చూడను. నువ్వే స్టేషనుకి వెళ్ళు. ఆయన బండి దిగగానే చెప్పు, హాలు దాకా నాన్చకు."

బింగ్‌నాన్ వెలుగు మళ్ళీ ఆరిపోయింది. "కొడతాడు మాస్టారూ."

"ప్లాట్‌ఫారం మీదైతే నెమ్మదిగా కొడతాడు, జనం ఉంటారు."

తిరిగి వచ్చేటప్పుడు ముగ్గురం వేడి చిలగడదుంప కొనుక్కుని పంచుకు తిన్నాం. బింగ్‌నాన్ తన ముక్క తినకుండా అలాగే పట్టుకుని నడిచాడు. చివరికి ఆగి, "అన్నా, ఒక్క మాట అడగనా? నన్నొక్కణ్ణే స్టేషనుకి పంపకు," అన్నాడు. "నీ వ్యాసం మధ్యాహ్నం కదా. పొద్దున నాతో రా. ఈయనే రాసింది అని చూపిస్తే మా నాన్న ఆ ముఖం చూసైనా..."

"నేనొస్తే చాలా? రుయ్‌యింగ్ రావద్దా?" అన్నాడు షౌచెన్.

"వదిన వస్తే ఇంకేం, మా నాన్న నోరెత్తడు."

ఇంటికి వచ్చి పెద్దమ్మకి చెప్పాం. తన భర్త పాతికేళ్ళు వండిన ఆ ఆవరణలోకి తను వంటింటి దారిలో తప్ప ఎప్పుడూ వెళ్ళలేదట. "పెద్ద గుమ్మంలోంచి నన్ను రానిస్తారా?" అని అడిగింది.

"రానివ్వకపోవడమేంటి పెద్దమ్మా, రేపు అందరూ శ్రోతలే!" అన్నాను.

షౌచెన్ అప్పటికే వ్యాసం చేతిలో పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. దొరగారూ అన్న మాట దగ్గరే గొంతు వణికింది. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ వణికింది. "రేపు కూడా ఇలాగే వణికితే?" అన్నాడు.

"వణుకు. వణుకుతూ చదువు. నీ గొంతుతోనే వినాలి నాకు." క్యాబేజీ మీద పళ్ళెం తీసి కత్తి అందుకున్నాను. రేపటిది నా మనసులో అప్పటికే తయారైపోయింది, గట్టిగా చెప్పేశాను. "వినండి. రేపు పొద్దున్నే లేచి వీధి చివర వేడి సోయాపాలు తాగుదాం. అక్కణ్ణుంచి స్టేషనుకి. జియాంగ్ పెద్దాయన తిట్లన్నీ అయిపోయాక ఆయన్ని కూడా తీసుకుని, పెద్దమ్మని మధ్యలో పెట్టుకుని, అందరం కలిసి పెద్ద గుమ్మంలోంచే హాలుకి వెళ్దాం."

"ముందు వరుసలో," అంది పెద్దమ్మ.

"ముందు వరుసలోనే!"